పొరుగువారికి పంపవలసిన వార్త

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 23:12–33. దీనితోకూడ 2 రాజులు 6:8–12, యెహెజ్కేలు 33:1–6 చదువుకొనవలెను.



గత మాసమున మా పాస్టరేటులోని ఒక గ్రామమునకు సాయంకాలపు కూటమునకై పోయి పౌలు మేనల్లుని సంగతి చదివితిమి. పౌలును చంపువరకు అన్నపానములు ముట్టమని 40 మందికంటె ఎక్కువమంది ఒట్టు పెట్టుకొనిరి. ఆయన సహోదరి కుమారుడు ఆ మాట విని కోటలోనికి పోయి తెలియజేసెను. సహస్రాధిపతి ఆ చిన్నవాని చెయ్యి పట్టుకొని అవతలకు తీసికొనిపోయి, ఏకాంతముగా విని, నీవు ఇది నాతో చెప్పితివని ఎవనికిని తెలియనియ్యకుమని ఆజ్ఞాపించి పంపివేసెను. చదువుట ముగిసిన తరువాత సంఘపెద్ద ఒకరు లేచి, "అయ్యగారూ, ఆ కుర్రోడు చేసింది మంచిపనే గదా. మంచిపని చేసినోణ్ణి నోరు మూసుకోమనడం ఎందుకండీ?" అని అడిగిరి.

ఆ రాత్రి మేము చెప్పిన జవాబు పొట్టిది. చిన్నవాని ప్రాణము కాపాడుటకే అట్లు చెప్పెనని చెప్పి ప్రార్థన చేసి ముగించితిమి. దారిలో ఆలోచింపగా అది సగము జవాబేయని తోచినది. గనుక మిగిలిన సగమును ఈ నెల ఇక్కడ వ్రాయుచున్నాము.

సహస్రాధిపతి తరువాత ఏమి చేసెనో చూడుడి. వెంటనే 200 మంది సైనికులను, 70 మంది గుఱ్ఱపు రౌతులను, 200 మంది యీటెలవారిని రాత్రి తొమ్మిది గంటలకు సిద్ధపరచెను. అధిపతియైన ఫేలిక్సునకు ఉత్తరము వ్రాసెను. ఆ ఉత్తరములో కుట్ర సంగతి ఉన్నది. ఆ కుట్ర తనకు తెలియవచ్చినదని ఉన్నది. ఎవరివలన తెలియవచ్చెనో మాత్రము లేదు. ఒక చిన్నవాడు వచ్చెననియైనను లేదు. సెమినరీలో ఉన్న దినములలో మేము ఈ ఉత్తరమును, సహస్రాధిపతి తన్ను తాను పొగడుకొన్న ఉత్తరమని మాత్రమే నేర్చుకొంటిమి. పౌలు రోమీయుడని ముందే తెలిసి తప్పించినట్లు వ్రాసికొన్నాడు గదా, ఆ దోషము దోషమే. అయినను వార్త పంపుచు, వార్త తెచ్చినవానిని దాచుట అను పని అందులో నేర్పుగా జరిగినది. అది అప్పుడు మాకు కనబడలేదు.

ఒక దేశము మరియొక దేశమునకు యుద్ధకాలమున వార్త పంపునప్పుడు ఇదే చిక్కు వెయ్యింతలుగా వచ్చును. దీనికి మేము ఎరిగిన మంచి దృష్టాంతము 1940వ సంవత్సరమున బెల్జియము దేశములో జరిగినది.

పటము చూచినయెడల తూర్పున జర్మనీ, పడమటి దక్షిణమున ఫ్రాన్సు ఉన్నవి. ఆ రెంటి నడుమ బెల్జియము, హాలెండు, లక్సెంబర్గు అను చిన్న దేశములు మూడు ఉన్నవి. 1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలెండుమీద పడెను. 3వ తేదీన బ్రిటను, ఫ్రాన్సు యుద్ధము ప్రకటించెను. నడుమనున్న ఈ మూడు దేశములు ఏ పక్షమునను చేరక తటస్థముగా నుండిరి. ఎవనితోను తగవు పెట్టుకొనక గోడవారగా నిలిచిన పొరుగువానివంటివారు వారు. 1939 నవంబరులో బెల్జియము రాజు లియోపోల్డు, హాలెండు రాణి విల్హెల్మినా కలిసి ఇరుపక్షములవారి నడుమ సంధి చేయుదుమని కూడ ప్రకటించిరి. ఆ మాట ఎవరును వినలేదు.

తటస్థుడైనవాడు ఒక పక్షమువారికి రహస్యముగా వార్త చెప్పెనా, రెండవ పక్షమువాడు అదే నెపముగా పట్టుకొనును. బెల్జియమువారికి ఇది పుస్తకములలోని మాట కాదు, అనుభవము. 1906లో బ్రిటిషు సైనికాధికారి బర్నార్డిస్టన్ బెల్జియము సేనాధికారి డ్యుకార్న్‌తో, జర్మనీ మీదబడినయెడల బ్రిటిషు సైన్యము ఎట్లు సాయము రాగలదో మాటలాడెను. ఆ మాటలు కాగితముమీద పెట్టి బీరువాలో దాచిరి. 1914 ఆగస్టులో జర్మనులు బెల్జియములోనికి చొరబడి బ్రస్సెల్సు పట్టుకొనినప్పుడు ఆ కాగితములు వారికి చిక్కెను. వెంటనే వాటిని లోకమంతట ప్రచురించి, "ఈ దేశము ముందే తటస్థతను చెడగొట్టుకొన్నది, మాది తప్పు కాదు" అని చాటిరి. దొంగ తాను కన్నము వేసిన ఇంటిలోనే సాక్ష్యము వెదకికొన్నట్లు ఉన్నది. ఎనిమిదేండ్లు బీరువాలో పడియున్న కాగితము అంత పని చేసెను. గనుక 1940 నాటి బెల్జియము అధికారులు కలము పట్టుకొనునప్పుడు చెయ్యి వణికెనన్న ఆశ్చర్యము లేదు.

ఇక అసలు సంగతి. 1940 జనవరి 10వ తేదీ ఉదయము జర్మనీలోని మున్‌స్టరు పట్టణము దగ్గరనుండి ఒక చిన్న విమానము కొలోనునకు బయలుదేరెను. నడుపువాడు మేజరు హోన్‌మన్స్. అతని ప్రక్కను కూర్చున్నవాడు మేజరు రైన్‌బెర్గరు. రైన్‌బెర్గరు రైలులో పోవలసినవాడు. ముందురాత్రి అధికారుల విందులో హోన్‌మన్స్ అతనిని కలిసికొని, "రైలెందుకు, నేనే దింపుదును" అనెను. కొలోనులోనున్న భార్యయొద్దకు మురికి బట్టలు చాకిరేవుకు చేర్చుకొనుట అతనికి కావలసియుండెనట. రైన్‌బెర్గరు సంచిలో పడమటి దేశములమీద దాడి చేయుటకైన ఆజ్ఞాపత్రములు ఉండెను. అట్టి కాగితములను విమానములో తీసికొనిపోగూడదని కట్టడ. బట్టల మూటకొరకు కట్టడ మరచిరి.

మంచు కమ్మెను. దారి తప్పిరి. మ్యూజ్ నదిని చూచి రైన్ నది అనుకొనిరి. దిక్కుతోచక తడుముకొనుచుండగా, నూనె పారు మీట జరిగెనో ఏమో, యంత్రము ఆగిపోయెను. మెఖెలెన్ అను ఊరి దగ్గర పొలములో దిగిరి. రెండు చెట్ల నడుమ దూరి రెక్కలు విరిగినను మనుష్యులు బ్రదికిరి. అక్కడ కనబడిన పాలేరును అడుగగా ఇది బెల్జియమని చెప్పెను. రైన్‌బెర్గరు పొదచాటునకు పరుగెత్తి కాగితములు కాల్చబోయెను. లైటరు వెలుగలేదు. ఆ పాలేరునే అడిగి అగ్గిపుల్ల తీసికొని అంటించెను. పొగ చూచి సరిహద్దు కావలివారు వచ్చి మంట ఆర్పిరి. ఇద్దరిని కావలిగదిలో కూర్చుండబెట్టగా, రైన్‌బెర్గరు మరల ఆ కాగితములను లాగుకొని మండుచున్న ఇనుప పొయ్యిలో కుక్కెను. కాప్టెన్ రోడ్రిక్ అను బెల్జియము అధికారి పొయ్యిలో చెయ్యి పెట్టి, చెయ్యి కాలుచున్నను, వాటిని ఈవలకు లాగెను.

మసిబారిన ఆ కాగితములు సాయంకాలమునకు పెద్దలకు చేరెను. సగము కాలినను సంగతి తెలియుటకు చాలినంత మిగిలెను. జర్మనులు బెల్జియము, హాలెండు దేశములమీద పడుదురు. ఏ దినమో మాత్రము అందులో లేదు.

ఇప్పుడు మనము ఆ రాజు స్థానములో నిలిచి ఆలోచింతము. ఈ కాగితములు నిజమైనవా? లేక మనలను తొందరపెట్టి ఒక పక్షమున త్రోయుటకు కావలెనని పడవేసినవా? నిజమైనయెడల పొరుగువారికి చెప్పకున్న రేపు వారి రక్తము మన తలమీదికి వచ్చును. చెప్పినయెడల ఎవరికి, ఎంత? ఫ్రాన్సునకు చెప్పితే ఫ్రెంచి సైన్యము "సాయమునకు వచ్చితిమి" అని వెంటనే సరిహద్దు దాటిన ఏమి గతి? అప్పుడు జర్మనీ 1914లో చెప్పినట్లే చెప్పదా? మా దృష్టికి ఈ ప్రశ్నలలో ఒక్కటియైనను పిరికివాని ప్రశ్న కాదు.

వారు చేసినది ఇది. మరుసటి దినము, 11వ తేదీన, రాజుయొక్క సైనిక సలహాదారు వాన్ ఓవర్‌స్ట్రాటెన్ ఫ్రెంచి అధికారికి రెండు పుటల సారాంశము ఇచ్చెను. అందులో దాడి పన్నాగము ఉన్నది గాని, అది ఎట్లు దొరికెనో లేదు. సహస్రాధిపతి ఉత్తరమును తలచుకొనుడి! బ్రిటిషు సేనాధిపతికిని కబురు పోయెను. రాజు తానే హాలెండు రాకుమారి జూలియానాను, లక్సెంబర్గు రాణిని టెలిఫోనులో పిలిచెను. టెలిఫోను తీగెలో మూడవ చెవి ఉండవచ్చును గనుక, ఒకరితో వాతావరణము ప్రమాదకరముగా నున్నదనియు, ఒకరితో ఫ్లూ జ్వరముతో జాగ్రత్తగా ఉండుమనియు పలికెను. అవి ముందే అనుకొన్న సంకేతములు. విన్నవారికి అర్థమాయెను.

అదే సమయమున జర్మనులను ఏమార్చవలసియుండెను. కాగితములు చదువవీలు కానంతగా కాలిపోయెనని వారు నమ్మవలెను. జర్మను దౌత్యాధికారి రైన్‌బెర్గరును చూడ వచ్చినప్పుడు వారిద్దరిని ఒక గదిలో విడిచిపెట్టిరి. ఆ గదిలో మాటలు వినుటకు యంత్రము దాచియుండెను. తాను అక్కరకురాకుండ కాల్చితినని రైన్‌బెర్గరు చెప్పుట బెల్జియమువారు విని సంతోషించిరి. ఇట్టి వంచనను గూర్చి మేము ఇక్కడ తీర్పు చెప్పము. యుద్ధమను బురదలో దిగినవాని కాళ్లు శుభ్రముగా ఉండునని ఎవరును అనుకొనరాదు.

13వ తేదీ రాత్రి గొప్ప గడియ వచ్చెను. దాడి రేపేయని బెర్లినునుండి వార్త వచ్చెను. బెల్జియము సేనాధిపతి వాన్ డెన్ బెర్గెన్, రాజు నడుగకయే, ఫ్రాన్సు సరిహద్దులోని అడ్డుకంచెలను తీసివేయుమని ఆజ్ఞ ఇచ్చెను. ఫ్రెంచివారు లోపలికి రావచ్చునని దాని అర్థము. ఫ్రెంచి సైనికులు మంచులో సరిహద్దునకు వచ్చి నిలిచిరి. రాజు బ్రిటనును కొన్ని హామీలు అడిగెను, వచ్చిన జవాబు తృప్తి నియ్యలేదు. తెల్లవారెను, దాడి రాలేదు. 15వ తేదీన బెల్జియము ఫ్రెంచివారిని లోపలికి రావద్దనెను. అడ్డుకంచెలు మరల వేసిరి. వాన్ డెన్ బెర్గెన్ పదవి పోయెను.

దాడిని ఆపినది బెల్జియము జాగ్రత్త కాదు. మంచు, చలి, కాగితములు పోయెనన్న జర్మనుల భయము, ఇవన్నియు కలిసి ఆపినవి. హిట్లరు ఉగ్రుడై విమానదళపు పెద్దయగు ఫెల్మీని తీసివేసెను. ఫిబ్రవరిలో దాడి మార్గమే మార్చిరి. పాత పన్నాగములో ముఖ్యమైన దెబ్బ ఉత్తర బెల్జియము మైదానములమీద పడవలసియుండెను. క్రొత్తదానిలో దక్షిణముననున్న ఆర్డెన్సు అడవికొండలగుండ. ఆ కాగితముల మూలముననే మార్చిరని కొందరు, కాదు మాన్‌స్టైన్ అను సేనాని ముందునుండియే దానికొరకు వాదించుచుండెనని కొందరు చెప్పుదురు. రెండు కారణములును కలిసినవని మా తలంపు. ఏదైనను, బ్రిటను ఫ్రాన్సుల సేనానులు పాతదారినే చూచుచు కూర్చుండిరి.

బెర్లినునుండి ఆ రాత్రి వార్త ఎట్లు వచ్చెనో ఇంకను చెప్పలేదు. ఈ భాగమును వ్రాయుట మాకు కష్టము.

జర్మను సైనిక గూఢచార శాఖలో కర్నలు హాన్స్ ఓస్టరు అను పెద్ద అధికారి ఉండెను. డ్రెస్డెనులోని ఫ్రెంచి ప్రొటెస్టంటు సంఘపు కాపరి కుమారుడు. మనవంటి పాస్టరుగారి ఇంటిలో పెరిగినవాడు. హిట్లరు చేయుచున్నది మహాపాపమని అతడు నమ్మెను. హాలెండు దౌత్యాలయములోని సైనికాధికారి సాస్ అతనికి యుద్ధమునకు ముందునుండి స్నేహితుడు. 1939 శరత్కాలము మొదలుకొని దాడి దినము నిర్ణయమైనప్పుడెల్ల ఓస్టరు అతనికి తెలియజేయుచు వచ్చెను. సాస్ తన దేశమునకును, ప్రక్కనున్న బెల్జియము అధికారికిని చెప్పుచు వచ్చెను.

అయితే హిట్లరు దినము పెట్టును, వాతావరణము చెడగొట్టును, మరల పెట్టును. ఆ దాడి 29 మారులు వాయిదా పడెనని చరిత్రకారులు లెక్కించిరి. ప్రతిమారును ఓస్టరు చెప్పినది నిజమే, ప్రతిమారును సాస్ అబద్ధికుడైనట్లు కనబడెను. నాన్నా పులి అని కేకవేసిన పిల్లవాని కథ మనకు తెలియును గదా. ఆ కథలో పిల్లవాడు కొంటెవాడు. ఇక్కడ పిల్లవాడు సత్యవంతుడు, పులియే వచ్చి వచ్చి వెనుకకు పోవుచుండెను. హాలెండు సేనాధిపతి రైండర్స్ అతనిని నమ్మలేదు. అంత అనుమానమునకు వారికిని కారణము లేకపోలేదు. 1939 నవంబరు 9న వెన్లో అను సరిహద్దు ఊరిలో, హిట్లరు విరోధులమని నటించిన జర్మనులు ఇద్దరు బ్రిటిషు గూఢచారులను ఎత్తుకొనిపోయిరి. వారితో నున్న హాలెండు అధికారి క్లోప్ ఆ కాల్పులలో చనిపోయెను. ఒకమారు కాలిన చెయ్యి పొయ్యికి దూరముగానే ఉండును.

మే మొదటి దినములలో మరియొక దారిని, రోమునుండి, ఇదే వార్త వచ్చెను. ఓస్టరు స్నేహితుడు యోసెఫ్ ముల్లెరు దానిని అక్కడ చేర్చెను. బెల్జియము రాయబారి దానిని సంకేతాక్షరములతో టెలిగ్రాముగా బ్రస్సెల్సుకు పంపెను. జర్మనులు ఆ టెలిగ్రామును దారిలో పట్టి విప్పి చదివిరి! బెర్లినులో ఎవడో మాట బయటపెట్టుచున్నాడని వారికి తెలిసిపోయెను. 2 రాజులు 6లో సిరియా రాజు తన సేవకులను పిలిచి, మనలో ఇశ్రాయేలు రాజు పక్షమువాడెవడని కలవరపడెను గదా. ఆ కలవరము బెర్లినులో పుట్టెను. పంపినవాడు మంచి మనస్సుతోనే పంపెను. కాని అతడు ఎన్నడు చూడని ఒక మనుష్యుని మెడకు ఆ టెలిగ్రాము ఉరి కాబోయెను. సహస్రాధిపతి చిన్నవానిని ఎందుకు మౌనముగా ఉండుమనెనో, తన ఉత్తరములో ఎందుకు వానిని విడిచిపెట్టెనో, పెద్దగారికి మేము ఇయ్యవలసిన మిగిలిన సగము జవాబు ఇక్కడ ఉన్నది. మాట నోటినుండి ఒకసారి దాటిన తరువాత ఏ చెవులగుండ పోవునో మన చేతిలో లేదు.

1940 మే 9వ తేదీ సాయంకాలము ఓస్టరు, సాస్ కలిసి భోజనము చేసిరి. తరువాత ఓస్టరు తన కచేరీలోనికి పోయి విచారించి వచ్చి, ఈమారు వాయిదా లేదు, తెల్లవారగానే అని చెప్పెను. సాస్ బెల్జియము అధికారికి తెలిపి, హాలెండు రాజధానికి టెలిఫోను చేసి, రేపు ప్రాతఃకాలమేయని సూచించెను. గంటన్నర కడచిన తరువాత అక్కడి అధికారి మరల పిలిచి, వ్యాధిగ్రస్తురాలైన భార్యకు శస్త్రచికిత్స సంగతి మాటలాడువానివలె, నిజమేనా, వైద్యులందరిని అడిగితివా అన్నట్లు సందేహముతో ప్రశ్నించెను. సాస్ ఎంత కోపగించుకొనెనో చెప్పనక్కరలేదు. ఆరు నెలలు ప్రాణమునకు తెగించి చెప్పిన మాటకు దొరికిన విలువ అది.

తెల్లవారెను. జర్మను సైన్యము మూడు దేశములలోను ప్రవేశించెను. 14వ తేదీన రోటర్‌డాం పట్టణముపై బాంబులు కురిసి వందలకొలది ప్రజలు చనిపోయిరి. 15న హాలెండు, 28న బెల్జియము లోబడెను. రెండు పొరుగు దేశముల సైన్యములు అంతవరకు తమ కావలి వరుసలను సరిహద్దువద్ద కలుపుకొనలేదు. నడుమ సందు అట్లే ఉండెను. ఒకనికొకడు వార్తలు పంపుకొనిరి గాని, ఆ వార్త నిజమైననాడు కలిసి ఏమి చేయవలెనో కూర్చుండి మాటలాడుకొనలేదు. మాటలాడిన జర్మనీ చూచునని భయము. మేము తప్పు పట్టవలసివచ్చిన, జనవరిలో రెండు పుటలు మాత్రమే ఇచ్చినందుకు కాదు, ఆ తరువాతి నాలుగు నెలలు ఊరకున్నందుకు పట్టుదుము. కావలివాడు బూర ఊదుటకు వెనుకాడుట ఒక సంగతి. బూర విన్నవారు ఏ ద్వారమునకు పరుగెత్తవలెనో ముందు చెప్పుకొనకపోవుట వేరొక సంగతి. యెహెజ్కేలు 33లో విన్నవాడును బాధ్యుడే.

ఓస్టరును గూర్చి సంఘములో మమ్ము అడుగుదురని ఎరుగుదుము. అతడు తన దేశపు సైనికులు పోవు దారిని శత్రువునకు చెప్పెను. ఆ సైనికులలో అతని ఇరుగుపొరుగు పిల్లలు ఉండియుందురు. తన్ను ద్రోహి అనవచ్చునని, అయినను హిట్లరు వెంట పోవువారికంటె తానే మంచి జర్మనుడనని అతడు స్నేహితునితో చెప్పుకొనెను. మేము అతనిని మెచ్చుకొందుము, అయితే తేలికగా కాదు. అట్టి నిర్ణయము మన కుమారులలో ఎవనికిని రాకుండుగాక అని ప్రార్థించుచునే మెచ్చుకొందుము. 1944 జూలైలో అతడు పట్టుబడెను. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గు చెరలో అతనిని ఉరితీసిరి. ఆ ఉదయముననే అక్కడ ఉరితీయబడినవారిలో పాస్టరు డీట్రిష్ బోన్‌హోఫరు ఒకరు. సాస్ 1948లో విమాన ప్రమాదమున మరణించెను. బట్టలమూటతో బయలుదేరిన మేజర్లిద్దరు మాత్రము కెనడాకు బందీలుగా పోయి యుద్ధము ముగియువరకు బ్రదికియుండిరి.

ఈ సంగతియంతయు మరల ఆ గ్రామమునకు పోయినప్పుడు పెద్దగారికి చెప్పితిమి. ఆయన తల ఊపి ఊరకుండిరి. వెనుక చాపమీద కూర్చున్న ముసలమ్మగారు ఒకరు, "అయితే అయ్యగారూ, ఆ పిల్లోడు ఇంటికెళ్లి తల్లితోనన్నా చెప్పుంటాడా?" అని అడిగిరి. వాక్యములో అది లేదని చెప్పితిమి. "చెప్పుండడులే" అని ఆమెయే జవాబు చెప్పుకొని, లాంతరు తీసికొని లేచెను.